నోటుబుక్కులో అరవై మంది తాళాలు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు ఉంది. ఇన్‌కంట్యాక్స్, జీఎస్టీ రిటర్నులు కూడా వేస్తాను. ఇక్కడివాళ్లవీ, ఏరు దాటి ఆంధ్రాలోని పాతపట్నం నుంచి వచ్చేవాళ్లవీ కలిపి ఓ 60 మంది పాస్‌వర్డులు నా దగ్గరున్నాయి. కొన్ని లాంగ్ నోటుబుక్కులో, కొన్ని ఎక్సెల్ షీటులో. షాపులో పనిచేసే కుర్రాడికీ ఆ షీటు తెలుసు. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకోమని పోరు పెడుతున్నాడు. లాప్‌టాప్ 2018లో కొన్నది: ఐ5-7200యు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్కు, విండోస్ 10. స్విచ్ నొక్కి టీ తాగొచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. కొత్త ప్రాసెసర్లు వస్తున్నాయి, దసరా దాకా ఆగితే పాతవాటి రేటు పడిపోతుంది అంటున్నాడు కంప్యూటర్ షాపాయన. కొత్తది కొన్నాకే పాస్‌వర్డుల పని మొదలెడదామని నా ఆలోచన. ఏ మేనేజరు మంచిది? లాప్‌టాప్‌కి ఆగాలా, కొనేయాలా?

సమాధానం: మీరనుకున్న వరసను తిరగేయండి. పాస్‌వర్డుల పని ఈ వారమే మొదలుపెట్టండి, లాప్‌టాప్ సంగతి తర్వాత చూద్దాం. ఎందుకంటే పాస్‌వర్డులు ఎక్కువగా పోయేది మెషీను మార్చిన రోజునే. కొన్ని క్రోమ్‌లో సేవ్ అయి ఉంటాయి, కొన్ని షీటులో, కొన్ని నోటుబుక్కులో కొట్టేసిన గీత పక్కన పెన్సిలుతో. పాతది అమ్మేశాక, రిటర్ను ఆఖరి తేదీ రోజున ఒకటి దొరకదు. అదే అన్నీ ముందే ఒక చోటికి చేరి ఉంటే, కొత్త లాప్‌టాప్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ (బ్రౌజరుకి తగిలించే చిన్న ప్రోగ్రాం) వేసుకుని లాగిన్ అవడంతో పని అయిపోతుంది. పైగా మీ ఎక్సెల్ షీటు 2018 నుంచి తిరుగుతున్న హార్డ్‌డిస్కు మీద ఉంది. దానికి ఒక కాపీ వేరేచోట ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు ఆ పని చేయండి.

పాస్‌వర్డ్ మేనేజర్ అంటే పాస్‌వర్డులన్నిటినీ 'వాల్టు' అనే ఒక పెట్టెలో పెట్టి, 'మాస్టర్ పాస్‌వర్డు' అనే ఒకే తాళం వేసే యాప్. ఏ మేనేజరు అంటే, మీ పనికి బిట్‌వార్డెన్. ఉచిత ఖాతాలోనే ఎన్ని పాస్‌వర్డులైనా, ఎన్ని ఫోన్లలో, లాప్‌టాప్‌లలోనైనా పెట్టుకోవచ్చు. డేటా మీ మెషీను మీదే ఎన్‌క్రిప్ట్ అయ్యాక, అంటే తాళంచెవి లేనివాళ్లు చదవలేని గుప్తలిపిగా మారాక, సర్వరుకి వెళ్తుంది. నెట్ లేనప్పుడు కూడా వాల్టు తెరిచి చూసుకోవచ్చు, కొత్తది చేర్చడానికో మార్చడానికో మాత్రం నెట్ కావాలి. మనవైపు గాలివాన వచ్చిందంటే టవరు ఎన్ని గంటలు పోతుందో తెలిసిందే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

నెట్ మీద ఏదీ పెట్టను అనేవాళ్లకి కీపాస్‌ఎక్స్‌సీ ఉంది. ఖాతా ఉండదు, సర్వరు ఉండదు, మీ డిస్కు మీద ఒక్క ఫైలు. మంచిదే. కానీ ఆ ఫైలు పోతే అడగడానికి ఎవరూ ఉండరు. పైగా దాన్ని ఫోనులో ఒకసారి, లాప్‌టాప్‌లో ఒకసారి మార్చి రెండు ఫైళ్లు చేసుకుని ఏది కొత్తదో తేల్చుకోలేక అవస్థపడేవాళ్లే ఎక్కువ. 1పాస్‌వర్డ్ బాగుంటుంది, కానీ చందా కట్టాలి. మీకు దానివల్ల అదనంగా ఒరిగేది తక్కువ. గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ ఇంట్లో ఫోను వాడేవాళ్లకి చాలు. షాపులో చాలదు, ఎందుకంటే ఒకే క్రోమ్ ప్రొఫైలు తెరిచి పెట్టి ఆ కుర్చీలో మీరూ, కుర్రాడూ, ఒక్కోసారి మెయిల్ చూసుకుంటానని అడిగే కస్టమరూ కూర్చుంటారు.

లాస్ట్‌పాస్ పేరు మీ అబ్బాయి చెప్పి ఉంటాడు. 2022లో దాని సర్వర్ల నుంచి వినియోగదారుల వాల్టుల బ్యాకప్‌లు దొంగల చేతికి వెళ్లాయి. అందులో పాస్‌వర్డులు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నా, వెబ్‌సైట్ల చిరునామాలు మామూలుగా చదవగలిగేలాగే ఉన్నాయి. పాత ఖాతాల్లో మాస్టర్ పాస్‌వర్డును గట్టిపరిచే లెక్క తక్కువసార్లు తిప్పేలా ఉండిపోయింది. ఆ లెక్కే బిట్‌వార్డెన్‌లో ఇప్పుడు కొత్త ఖాతా తెరిస్తే 6 లక్షల సార్లు తిరిగేలా పెట్టి ఉంటుంది. అయినా సరే, వాల్టు ఎవరి చేతికైనా చిక్కితే చివరికి అడ్డం నిలబడేది మీ మాస్టర్ పాస్‌వర్డు పొడవే. ఏది ఎంచుకున్నా, పాస్‌వర్డులన్నీ ఒక ఫైలుగా బయటికి దింపుకునే ఎక్స్‌పోర్టు సౌకర్యం ఉందో లేదో చూడండి. మైక్రోసాఫ్ట్ తన ఆథెంటికేటర్ యాప్‌లో పాస్‌వర్డులు దాచుకునే ఏర్పాటును 2025 ఆగస్టుతో తీసేసింది. డ్రాప్‌బాక్స్ పాస్‌వర్డ్స్ అదే ఏడాది అక్టోబరు 28న మూతపడింది. పెద్ద కంపెనీ అని ధీమాగా ఉండటానికి లేదు.

ఇక మాస్టర్ పాస్‌వర్డు. ఇక్కడ కాస్త నిదానించండి. బిట్‌వార్డెన్ కనీసం 12 అక్షరాలు అడుగుతుంది, కానీ పిల్లల పేరుకి పుట్టిన సంవత్సరం తగిలిస్తే 12 దాటినా దండగే. అందులోనే ఉన్న జనరేటరులో 'పాస్‌ఫ్రేజ్' ఎంచుకుని పదాల సంఖ్య 5 పెట్టండి. 7,776 మామూలు ఇంగ్లిష్ పదాల పట్టిక నుంచి ఐదు పదాలు తీసిస్తుంది. అలా ఐదు పదాలకు వచ్చే కలయికలు 28 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని. వచ్చినదాన్ని అలాగే తీసుకోండి. నచ్చే పదాలు వచ్చేదాకా బటన్ నొక్కుతూ పోతే ఎంచుకుంటున్నది మీ మనసే అవుతుంది, యాదృచ్ఛికత పోతుంది.

తెలుగు పదాలైతే గుర్తుంటాయి కదా అంటారు. ఉంటాయి, కానీ రెండు చిక్కులున్నాయి. మనం మనసులోంచి తీసే పదాలు ఎప్పుడూ మన చుట్టూనే ఉంటాయి: గజపతి, మహేంద్ర, ఇంటిపేరు, ఇష్టదైవం. రెండోది స్పెల్లింగు. వెల్లుల్లిని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినప్పుడు ఎల్‌లు రెండు వేశారా, నాలుగు వేశారా? మూడు నెలల తర్వాత గుర్తుండదు. తెలుగు లిపిలోనే కొడదామంటే, కొత్త మెషీనులో తెలుగు కీబోర్డు లేని రోజున గుమ్మం బయటే నిలబడాలి. ఇంగ్లిష్ పదాలే పెట్టుకోండి. రోజుకి పదిసార్లు కొడితే వారంలో వేళ్లకే వచ్చేస్తుంది.

మొదటిరోజే దాన్ని రెండు కాగితాల మీద రాయండి. ఒకటి ఇంట్లో, పట్టాలు, బాండ్లు దాచే బీరువాలో. రెండోది వేరే ఊళ్లో ఉన్న నమ్మకస్తుడి దగ్గర, మీ అబ్బాయి దగ్గరే అనుకోండి, సీలు వేసిన కవరులో. షాపులో మాత్రం వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీ జిల్లాలో ఎన్ని ఇళ్ల పైకప్పులు లేచిపోయాయో చూశారుగా, రెండు కాగితాలూ ఒకే కప్పు కింద ఉండకూడదు. మర్చిపోతే బిట్‌వార్డెన్ వాళ్లు కూడా తెరవలేరు. 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కితే ఓటీపీ వచ్చే వ్యవహారం కాదిది.

ఇంకో గోతి ఉంది, చాలామంది అందులోనే పడతారు. రెండంచెల లాగిన్ (పాస్‌వర్డు తర్వాత ఫోనులోని యాప్ చూపించే కోడ్ కూడా అడిగేది) పెట్టుకోనివాళ్లు కొత్త పరికరంలో తెరిస్తే బిట్‌వార్డెన్ ఈమెయిలుకి ఒక కోడ్ పంపుతుంది. ఆ ఈమెయిలు పాస్‌వర్డేమో వాల్టు లోపల ఉంటుంది. తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకి తాళం వేసినట్టు. అందుకని మీరు గుర్తుపెట్టుకోవలసినవి రెండు: మాస్టర్ పాస్‌వర్డు, జీమెయిల్ పాస్‌వర్డు. ఆ రెండూ ఒకటి కాకూడదు. ఫోనులో ఏజిస్ లాంటి ఆథెంటికేటర్ యాప్ పెట్టి రెండిటికీ రెండంచెల లాగిన్ ఆన్ చేయండి. బిట్‌వార్డెన్ ఇచ్చే రికవరీ కోడ్‌నీ, జీమెయిల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లనూ ఆ బీరువా కాగితం మీదే రాసేయండి. ఫోను ఏట్లో పడినా పని ఆగదు.

ఇప్పుడు ఎక్సెల్ షీటు. దాన్ని నేరుగా ఎక్కించబోతే తప్పులొస్తాయి. ముందు బిట్‌వార్డెన్ వెబ్‌సైటులో చేత్తో రెండు ఎంట్రీలు చేయండి. 'టూల్స్'లో 'ఎక్స్‌పోర్ట్ వాల్ట్'కి వెళ్లి సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు పట్టిక ఫైలుగా) దింపుకోండి. దాని పై వరుసలో కాలమ్‌ల శీర్షికలు ఉంటాయి. ఆ శీర్షికల్ని ఒక్క అక్షరం మార్చకుండా, వాటి కిందే మీ షీటులోని పేర్లు, సైటు చిరునామాలు, యూజర్ ఐడీలు, పాస్‌వర్డులు సర్దండి. సర్దే ముందు కాలమ్‌లన్నీ ఎంచుకుని 'ఫార్మాట్ సెల్స్'లో 'టెక్స్ట్' పెట్టడం మరిచిపోవద్దు. లేకపోతే సున్నాతో మొదలయ్యే పాస్‌వర్డుకి సున్నా ఎగిరిపోతుంది. 12 అంకెల యూజర్ ఐడీ మధ్యలో ఇంగ్లిష్ 'ఈ' వచ్చి కురచైపోతుంది. సమానం గుర్తుతోనో ప్లస్‌తోనో మొదలయ్యేదాన్ని ఎక్సెల్ ఫార్ములా అనుకుంటుంది. సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' రకం ఎంచుకోండి, మామూలు సీఎస్‌వీ అయితే తెలుగులో రాసిన పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. సేవ్ చేశాక సరిచూసుకోవడానికి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచి మళ్లీ సేవ్ చేశారంటే కాపాడుకున్న సున్నాలన్నీ మళ్లీ పోతాయి.

'ఇంపోర్ట్ డేటా'లో రకం 'బిట్‌వార్డెన్ సీఎస్‌వీ' అని ఎంచి ఎక్కించండి. ఎక్కాక ఓ ఐదారు ఎంట్రీలు అక్కడక్కడా తీసి నిజంగా లాగిన్ అయి చూడండి. సరిగ్గా ఉంటే ఆ సీఎస్‌వీనీ, పాత షీటునూ షిఫ్ట్ నొక్కి డిలీట్ చేయండి. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకున్న కాపీ, కుర్రాడి పెన్‌డ్రైవ్‌లో కాపీ, డ్రైవ్‌లో కాపీ: ఇవే మిగిలిపోయేవి. క్రోమ్‌లో సేవ్ అయినవి కూడా ఎక్స్‌పోర్టు చేసి వాల్టులోకి తెచ్చాక అక్కడ తుడిచేసి, క్రోమ్ 'సేవ్ చేయాలా' అని అడిగే సెట్టింగు ఆపేయండి. షాపు మెషీనులో ఎక్స్‌టెన్షను 15 నిమిషాలకు లాక్ అయ్యేలా, కాపీ చేసిన పాస్‌వర్డు క్లిప్‌బోర్డు నుంచి 30 సెకన్లలో పోయేలా పెట్టండి.

మామూలు ఇంట్లో వాడేవాళ్లకి రాని తలనొప్పి మీకొకటి వస్తుంది. ఇన్‌కంట్యాక్స్ సైటు తెరవగానే ఎక్స్‌టెన్షను 60 పేర్ల జాబితా చూపిస్తుంది. ఒకరి ఐడీ బదులు ఇంకొకరిది నొక్కేస్తారు. అందుకని ప్రతి ఎంట్రీ పేరు ఒకే తీరులో ఉండాలి: ముందు ఇంటిపేరు, తర్వాత పేరు, ఊరు, ఆఖర్న ఐటీ లేదా జీఎస్టీ, పాన్ చివరి నాలుగు అక్షరాలు. మన దగ్గర ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు అన్నదమ్ముల పిల్లల్లోనే ఇద్దరుంటారు కాబట్టి పాన్ ముక్క తప్పనిసరి. ఇంకొకటి, ఒడిశా డాట్ గవ్ డాట్ ఇన్‌తో ముగిసే రాష్ట్ర పోర్టళ్లన్నిటినీ ఎక్స్‌టెన్షను ఒకే కుటుంబంగా లెక్కేసి అన్ని చోట్లా అన్ని ఎంట్రీలూ చూపిస్తుంది. ఆంధ్రా పోర్టళ్ల సంగతీ అంతే. ఆ ఎంట్రీల్లో 'మ్యాచ్ డిటెక్షన్' అనే చోట 'హోస్ట్' అని మార్చండి, ఏ పోర్టల్‌వి ఆ పోర్టల్‌లోనే వస్తాయి.

ఈ మ్యాచింగ్ వల్ల మరో లాభం ఉంది. అచ్చు ఇన్‌కంట్యాక్స్ పేజీలా కనిపించే దొంగ పేజీలో ఎక్స్‌టెన్షను ఒక్క పేరు కూడా చూపించదు, చిరునామా వేరు గనక. మనిషి కన్ను మోసపోతుంది గానీ అది మోసపోదు. ఎప్పుడైనా ఏమీ చూపించకపోతే, వాల్టులోంచి కాపీ చేసి అతికించమని కుర్రాడికి చెప్పకండి. ఆగి పైన చిరునామా చదవమనండి.

పాస్‌వర్డులు మార్చేటప్పుడు జనరేటరుతో 20 అక్షరాలవి చేయాలనిపిస్తుంది. కొన్ని ప్రభుత్వ పోర్టళ్లు 14, 15 అక్షరాలు దాటితే ఒప్పుకోవు. ఒప్పుకోకపోతే నయమే. పెట్టెలో 15 దాకా తీసుకుని మిగతావి చప్పుడు చేయకుండా కోసేసే సైట్లతోనే ప్రమాదం. వాల్టులో 20 అక్షరాలుంటాయి, అక్కడ 15 ఉంటాయి, మర్నాడు లాగిన్ కాదు. కాబట్టి ముందు ఆ పేజీలో రాసిన నియమం చదివి జనరేటరు పొడవు తగ్గించుకోండి. మార్చగానే లాగవుట్ అయి, కొత్త పాస్‌వర్డుతో ఒకసారి లోపలికి వెళ్లి చూశాకే తర్వాతివాళ్ల దగ్గరికి వెళ్లండి. అరవైమందివీ ఒక్క ఆదివారం మార్చేయాలనుకోకండి. రిటర్ను వేసే రోజున ఎవరిది వస్తే వాళ్లది మారిస్తే చాలు, ఎలాగూ ఓటీపీకి ఆ మనిషి ఎదురుగా ఉంటాడు.

కుర్రాడికి మీ మాస్టర్ పాస్‌వర్డు చెప్పొద్దు. బిట్‌వార్డెన్ ఉచిత ఆర్గనైజేషన్‌లో (పాస్‌వర్డులు పంచుకునే ఉమ్మడి ఏర్పాటు) ఇద్దరు మనుషులు, రెండు కలెక్షన్లు (ఎంట్రీల గుంపులు) పెట్టుకోవచ్చు. అతని పేరున వేరే ఖాతా తెరిపించి, అతను చేసే పనుల ఎంట్రీలు మాత్రమే ఒక కలెక్షన్‌లో పెట్టి ఇవ్వండి. మీ బ్యాంకు, మీ ఇంటివి మీ సొంత వాల్టులోనే ఉంటాయి. అతను మానేసిన రోజున కలెక్షన్ నుంచి తీసేయడంతో సరిపోదు. చూసినవి చూసినట్టే గుర్తుండొచ్చు, ఆ పాస్‌వర్డులు మార్చాల్సిందే.

అడగని మాట ఒకటి. 60 మంది పాస్‌వర్డులూ మీ దగ్గర ఉండాల్సిన అవసరం ఉందా? మీరు నమోదైన జీఎస్టీ ప్రాక్టీషనర్ అయితే, కస్టమరు తన పోర్టల్‌లోంచే మిమ్మల్ని 'ఎంగేజ్' చేసుకోవచ్చు. మీ లాగిన్‌లోనే మీరు రిటర్ను తయారుచేస్తారు, ఆయన ఒప్పుకుంటాడు, పాస్‌వర్డు మీకు ఇవ్వక్కర్లేదు. ఇక నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు, యూపీఐ పిన్, ఏటీఎం పిన్ నోటుబుక్కులో ఎవరివైనా ఉంటే వాల్టులోకి ఎక్కించకండి, గీత కొట్టేసి ఆ మనిషిని మార్చుకోమనండి. అందరి ఖాతాలకీ షాపు ఫోను నంబరు, షాపు మెయిలు ఇచ్చే అలవాటు చాలా చోట్ల ఉంది. పని సులువవుతుంది, నిజమే. రేపు ఏదైనా తేడా వస్తే మాత్రం మొదటి వేలు మీ వైపే చూపిస్తారు. ఆయన నంబరే ఉండనివ్వండి.

లాప్‌టాప్‌కి వద్దాం.

మీ ఐ5-7200యు ప్రాసెసరు ఏడో తరానిది. విండోస్ 11 ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితా ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది. కాబట్టి మీది సక్రమంగా ఎక్కదు. అడ్డదారిలో ఎక్కించి ఇస్తామనేవాళ్లు ఉంటారు. ఎక్కుతుంది కూడా. కానీ అలా ఎక్కించిన మెషీనుకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. పదిమంది పన్ను వివరాలు ఉండే మెషీనులో ఆ పని వద్దు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంటి వాడకందార్లకు పొడిగింపు 2026 అక్టోబరు 13 దాకా ఉంది. 22హెచ్2 వెర్షను, మైక్రోసాఫ్ట్ ఖాతా ఉంటే 'సెట్టింగ్స్'లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే 'ఎన్‌రోల్ నౌ' కనిపిస్తుంది. సెట్టింగ్స్‌ని ఆ ఖాతాకి బ్యాకప్ అవనిస్తే డబ్బు కట్టక్కర్లేదు, లేదంటే 30 డాలర్లు. మీరు ఎన్‌రోల్ అయ్యారో లేదో ముందు చూడండి.

ఇప్పుడు ఆ షాపాయన మాట తూచండి. 2026లో దసరా అక్టోబరు 20న. పొడిగింపు దానికి వారం ముందే అయిపోతుంది. అంచేత ఆగినా సెప్టెంబరు ఆఖరు దాకానే, పండగ రోజు దాకా కాదు. ఇక కొత్త ప్రాసెసరు వస్తే పాతది చౌక అవుతుందనేది మామూలు రోజుల్లో నిజమే. ఇంటెల్ కోర్ అల్ట్రా సిరీస్ 3 2026 జనవరిలో వచ్చింది. కానీ 2025 చివరినుంచి మెమరీ చిప్‌ల ధరలు పైకి పోతున్నాయి. తయారీదార్లు ఏఐ సర్వర్లకి అమ్మడానికే మొగ్గుతున్నారు. మైక్రాన్ అయితే మామూలు వినియోగదారులకు అమ్మే క్రూషియల్ వ్యాపారాన్నే వదులుకుంటున్నట్టు 2025 డిసెంబరులో చెప్పేసింది. ప్రాసెసరు మీద తగ్గేది ర్యామ్, ఎస్‌ఎస్‌డీల మీద పెరిగేదానికి సరిపోవచ్చు. రేటు పడుతుందనే ఒక్క ఆశతో ఆగడం ఇప్పుడు దండగ. పైగా రిటర్నులు, పీడీఎఫ్‌లు, ఎక్సెల్, బ్రౌజరులో పది ట్యాబులు: ఈ పనికి కొత్త తరం ప్రాసెసరు వల్ల మీకు తెలిసే తేడా ఏమీ ఉండదు.

డబ్బు చేతిలో ఉంటే ఇప్పుడే కొనండి. లేదు, నాలుగైదు నెలలు కావాలి అంటే, హార్డ్‌డిస్కు తీసి 500 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించండి: 2.5 అంగుళాల సాటా రకం, 7 మిల్లీమీటర్ల మందం. మీ టీ విరామానికి కారణం ప్రాసెసరు కాదు, ఆ తిరిగే డిస్కే. విండోస్ లేచేటప్పుడు వేలకొద్దీ చిన్న ఫైళ్లు అక్కడక్కడా చదవాలి, ప్రతిదానికీ డిస్కు తల కదిలి ఆ చోటికి చేరాలి. ఎస్‌ఎస్‌డీలో కదిలేదేమీ లేదు. క్లోన్ చేసే (పాత డిస్కులోదంతా ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి దించే) ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో హార్డ్‌డిస్కు పరిస్థితి చూడమనండి. 'కాషన్' అని పసుపు రంగు చూపిస్తే క్లోన్ మధ్యలో ఆగిపోవచ్చు. అప్పుడు డేటా బయటికి కాపీ చేసుకుని విండోస్ కొత్తగా వేయించడమే మేలు. లైసెన్సు ఆ మెషీనుకే కట్టి ఉంటుంది కాబట్టి మళ్లీ కొనక్కర్లేదు. కొత్త లాప్‌టాప్ వచ్చాక ఈ ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీతో తగిలించే ఒక డబ్బాలో పెట్టి బ్యాకప్ డిస్కుగా వాడుకోండి. ర్యామ్ మాత్రం ఈ పాతదానికి పెంచకండి.

కొనేటప్పుడు 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఉండాలి. ర్యామ్ బోర్డుకి అతికించినదా, స్లాటు ఉందా అడగండి, అతికించినదైతే 8 జీబీది అసలొద్దు. పేర్లతో మోసపోకండి. ఏఎండీ వాళ్ల రైజెన్ 5 7520యు అంటే కొత్తదిలా ఉంటుంది గానీ లోపలి కోర్లు 2019 నాటి జెన్ 2 డిజైనువి. రైజెన్ 7000 వరసలో మూడో అంకె చూడాలి: 2 అయితే జెన్ 2, 3 అయితే జెన్ 3, 4 అయితే జెన్ 4. 7530యు మీకు ధారాళంగా చాలు, ఇంటెల్‌లో 12వ తరం ఐ5 నుంచి ఏదైనా చాలు. ఏఐ పనులకని అంటించే 'కోపైలట్ ప్లస్' బొమ్మ కోసం అదనంగా ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఫోన్ల తరహా ప్రాసెసరుతో వచ్చే స్నాప్‌డ్రాగన్ లాప్‌టాప్ ఒకటి తేలిగ్గా, బ్యాటరీ రోజంతా వచ్చేలా చూపించి ఊరిస్తారు. మీ పనికి అది పనికిరాదు. డిజిటల్ సంతకం టోకెన్లు, వేలిముద్ర స్కానర్లు, పాత ప్రింటర్లు డ్రైవర్ల మీద నడుస్తాయి. ఆ లాప్‌టాప్ మామూలు సాఫ్ట్‌వేర్‌ని అనువదించుకుని నడపగలదు గానీ డ్రైవరుని అలా నడపలేదు. సంతకం పెట్టాల్సిన రోజున టోకెన్ కనిపించదు. మామూలు చదరపు యూఎస్‌బీ పోర్టులు కనీసం రెండు ఉన్నాయో చూసుకోండి, టోకెన్‌కొకటి, స్కానర్‌కొకటి.

శ్రీకాకుళంలోనో విశాఖలోనో కొంటే బిల్లు జాగ్రత్త. ఈ లెక్క మీకు తెలియనిది కాదు, కానీ సొంత కొనుగోలులోనే మర్చిపోతాం. మీ షాపుకి ఒడిశా జీఎస్టీ నంబరు ఉంటే, ఆ నంబరు వేసి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకానికి వేసే పన్ను) బిల్లు ఇస్తారా అని డబ్బు కట్టక ముందే అడగండి. ఆంధ్రా సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసి చేతికిచ్చారంటే ఆ క్రెడిట్ మీ ఒడిశా రిజిస్ట్రేషనులో తీసుకోలేరు. లాప్‌టాప్ మీద పన్ను 18 శాతం. 59,000 రూపాయల దాంట్లో 9,000 పన్నే. విశాఖలో వెయ్యి తక్కువకి వచ్చిందని మురిసిపోయి తొమ్మిది వేలు వదులుకున్నట్టవుతుంది. ఒప్పుకోకపోతే ఒడిశాలోనే ఉన్న బరంపురంలో కొనండి. ఆన్‌లైన్‌లో అయితే ఆర్డరు పెట్టేటప్పుడే నంబరు ఇవ్వాలి, తర్వాత చేర్చమంటే చేర్చరు.

వారంటీ కాగితం మీద 'ఆన్‌సైట్' అని ఉంటుంది. కంపెనీ సర్వీసు నంబరుకి ఫోను చేసి 761200 పిన్‌కోడుకి మనిషి వస్తాడా, మెషీను మేమే మోసుకురావాలా అని ముందే అడగండి. బరంపురం దాకా మోసుకెళ్లి, బాగుచేశాక మళ్లీ వెళ్లి తెచ్చుకోవడం అంటే రెండ్రోజులు షాపు మూసుకోవడమే. రెండు మోడళ్లలో ఏదో తేలక ఆగిపోతే, మీ ఊరికి మనిషిని పంపే కంపెనీది తీసుకోండి.

తీసేసిన పాత హార్డ్‌డిస్కుని ఎక్స్‌చేంజిలో ఇచ్చేయకండి. డిలీట్ చేసిన షీటు అందులో ఇంకా దొరుకుతుంది. యూఎస్‌బీ కేబులుతో తగిలించి ఫార్మాట్ చేసేటప్పుడు 'క్విక్ ఫార్మాట్' దగ్గర టిక్కు తీసేయండి. 1 టీబీకి కొన్ని గంటలు పడుతుంది, రాత్రి పెట్టి వదిలేయండి. నోటుబుక్కుని ఒక నెల ఉంచండి, ఈలోగా వాల్టులో దొరకనిదేదైనా ఉంటే బయటపడుతుంది. ఆ తర్వాత దాన్ని పాత పేపర్ల తూకంలో వేయకండి, బఠాణీల పొట్లాలైపోయి బస్టాండంతా తిరుగుతుంది. పెరట్లో కాల్చేయండి.